ఫోన్ ఎత్తక తప్పనివాళ్లకు

తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తొద్దని చెప్పడం తేలిక. ఎలక్ట్రీషియన్‌కీ, క్యాటరింగ్ చేసేవాళ్లకీ, బీమా ఏజెంటుకీ, రెజ్యూమె పంపి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూసే కుర్రాడికీ ఆ సలహా ఎందుకూ కొరగాదు. వాళ్లకు అన్నం పెట్టేదే కొత్త నంబర్. కాబట్టి ఎత్తండి. ఎత్తాక అవతలివాడు ఏం అడుగుతున్నాడు, ఎంత తొందర పెడుతున్నాడు అన్నదే చూసుకోవాలి.

నంబర్ కూడా కొంత చెబుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రచారం కోసం చేసే కాల్స్ 140తో మొదలవ్వాలి. బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు మన ఖాతా పనుల మీద చేసే కాల్స్‌కు 1600 సిరీస్ కేటాయించారు. మామూలు పదంకెల మొబైల్ నంబర్ నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ ఆగిపోయింది" అంటే అక్కడికక్కడే అనుమానించాలి. మెసేజీలూ అంతే. బ్యాంకు మెసేజ్ ఎవరో మనిషి నంబర్ నుంచి రాదు, బ్యాంకు పేరును సూచించే పొట్టి అక్షరాలతో వస్తుంది.

పని ఇస్తామంటూ వచ్చే మోసం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చేతిపని మీద బతికేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోన్ చేసినవాడు ఆర్మీ ఆఫీసర్‌నంటాడు. క్వార్టర్స్‌లో ఇరవై ఫ్యాన్లు బిగించాలనో, యాభై మందికి భోజనాలు కావాలనో అంటాడు. మీరు చెప్పిన రేటుకు వెంటనే సరేనంటాడు. రూపాయి కూడా బేరమాడని కొత్త గిరాకీ మనకు ఎప్పుడు దొరికింది? నమ్మకం కోసం యూనిఫాం ఫొటో, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపుతాడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ పడిపోతుంది" అంటాడు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

ఇదే మోసం మరో రూపంలోనూ వస్తుంది. "ఐదు వేలకు బదులు యాభై వేలు పడ్డాయండీ, ఆసుపత్రిలో ఉన్నాం, మిగతావి వెంటనే వేసేయండి" అని వాపోతాడు. మీ ఫోన్‌కు వచ్చిన జమ మెసేజ్ వాడు సొంతంగా టైప్ చేసి పంపిందే అయివుంటుంది. బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడకుండా పైసా వేయొద్దు. ఒకవేళ నిజంగానే పడినా వాడు చెప్పిన నంబర్‌కు తిప్పి పంపకండి, బ్యాంకుకు చెప్పండి. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్మయితే మీ ఖాతా ఫ్రీజ్ కావచ్చు. దాన్ని విడిపించుకోవడానికి పని మానుకుని తిరగాలి.

ఉద్యోగాల పేరుతో వచ్చే కాల్స్‌లో రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అన్న మాట వినపడగానే పెట్టేయండి. జీతమిచ్చే కంపెనీ ముందుగా మన దగ్గర డబ్బు వసూలు చేయదు. విదేశీ ఉద్యోగమైతే ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా, మయన్మార్ తీసుకెళ్లి ఇవే మోసపు కాల్స్ చేయించిన ముఠాల చేతుల్లో మన తెలుగు పిల్లలూ చిక్కుకున్నారు.

భయపెట్టే కాల్స్‌లో మీ పేరున వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారని అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. "తలుపు వేసుకో, ఎవరికీ చెప్పొద్దు" అన్నారంటే అది మోసమే. వెంటనే లేచి పక్కనున్నవాళ్లకు చెప్పండి. ఆ మాట పైకి అనగానే సగం భయం పోతుంది.

నిజమో అబద్ధమో తేలకపోతే చేయాల్సింది ఒక్కటే. కట్ చేసి, కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో, బిల్లు మీదో ఉన్న నంబర్‌కు మీరే చేయండి. వాడిచ్చిన నంబర్‌కు కాదు. నిజమైన బ్యాంకు మేనేజరైనా, నిజమైన గిరాకీ అయినా పది నిమిషాలు ఆగుతారు. ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో చలాన్ పేరుతో వచ్చినా, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చినా తెరవకండి. డెలివరీ వాళ్లమంటూ స్టార్, హ్యాష్ ఉన్న నంబర్ ఏదైనా కొట్టమంటే కొట్టకండి. మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి. పొరపాటున కొట్టేసినా ##002# డయల్ చేస్తే ఆ మళ్లింపు రద్దవుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు చకచకా మారిపోతుంటుంది, మధ్యలో పట్టుకోగలిగితేనే ఆగుతుంది. ఇంట్లో తిడతారని రాత్రంతా దాచిపెడితే ఆ అవకాశం పోతుంది. యూపీఐ లావాదేవీ పన్నెండంకెల యూటీఆర్ నంబర్, తేదీ, సమయం దగ్గర పెట్టుకోండి. బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. డబ్బు పోకుండా బయటపడితే కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌లోని చక్షు విభాగంలో ఆ నంబర్‌పై ఫిర్యాదు చేయండి.

ఫిర్యాదు చేశాక కొన్నాళ్లకు మరో ఫోన్ వస్తుంది. పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటారు. వాళ్లూ మోసగాళ్లే. కేసు సంగతి మీ రసీదు నంబర్‌తో పోలీస్ స్టేషన్‌లోనే అడగండి.