చదరంగం ఇంజిన్లు - బలమేది? ఉపయోగమేది?

చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామును ‘ఇంజిన్’ అంటారు. ఏ ఇంజిన్ బలమైనది, ఏది మనకు ఉపయోగపడుతుంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

1997 మే నెలలో న్యూయార్క్‌లో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను లెక్కించే పెద్ద యంత్రం. 2006లో జర్మనీలోని బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాము ఛాంపియన్ క్రామ్నిక్‌ను 4-2తో ఓడించింది. ఆపైన అసలు పోటీ ఇంజిన్ల మధ్యనే మిగిలింది.

2017లో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరోను తయారుచేసింది. దానికి ఆట నియమాలు మాత్రమే ఇచ్చారు. తనతో తానే ఆడుకొని నేర్చుకుంది. స్టాక్‌ఫిష్ 8తో 100 ఆటలు ఆడి 28 గెలిచింది, 72 డ్రా చేసింది. స్టాక్‌ఫిష్ సెకనుకు 7 కోట్ల స్థితులు చూస్తే ఆల్ఫాజీరో చూసినవి 80 వేలే! అయితే పోటీ షరతులు స్టాక్‌ఫిష్‌కు అనుకూలంగా లేవన్న విమర్శ కూడా వచ్చింది.

ఆల్ఫాజీరోను బయటివారికి ఇవ్వలేదు. ఆ పద్ధతిలోనే 2018లో ఔత్సాహికులు లీలా చెస్ జీరోను రూపొందించారు. 2020లో స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్‌ను చేర్చుకొని మరింత బలపడింది. ఈ రెండూ ఉచితమే. లీలా బాగా ఆడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. స్టాక్‌ఫిష్‌కు మామూలు సెల్‌ఫోన్ చాలు. కాబట్టి మనబోటివారికి స్టాక్‌ఫిష్ అనుకూలం.

కానీ ఇంజిన్ మంచి ఎత్తు చూపిస్తుందే గాని, అది ఎందుకు మంచిదో చెప్పదు. 2024లో ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేష్, చిన్నతనంలో గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేవరకు ఇంజిన్ లేకుండానే సాధన చేశాడు. ముందు తన బుర్రతో ఆలోచించడం అలవాటు కావాలన్నదే అతని గురువు ఉద్దేశం.

మిత్రులారా! ఇంజిన్‌ను ఇలా వాడుకోండి.

1. ఆడిన ఆటను కాగితం మీద రాసుకోండి.
2. ఎక్కడ తప్పు జరిగిందో ముందు మీరే వెతకండి.
3. ఆ తర్వాతే ఇంజిన్‌ను అడగండి. దాని జవాబు మీ జవాబుతో ఎందుకు కలవలేదో స్నేహితునితో చర్చించండి.
4. ఆట జరుగుతుండగా వాడితే అది మోసం.

గైడు చూసి ఎక్కించిన లెక్క పరీక్షలో గుర్తుకు రాదు. ఇదీ అంతే. కోచ్‌కు ఫీజు కట్టలేని మన చేతికి గ్రాండ్‌మాస్టర్లు వాడే ఇంజినే ఉచితంగా వచ్చింది. దాని ముందు కూర్చుని ఆలోచించే ఓపిక మాత్రం మనమే తెచ్చుకోవాలి.