పాతబస్తీ చూడాలంటే సెలవు శుక్రవారం పెట్టకండి

ఏడాది చివరికి చేతిలో మిగిలేవి రెండు మూడు సీఎల్‌లు. అందులో ఒకటి శుక్రవారం పెట్టి, శని ఆదివారాలు కలుపుకుని పిల్లాపాపలతో హైదరాబాద్ రైలెక్కుతాం. ఇంకే ఊరికైనా సరే గానీ, పాతబస్తీకి మాత్రం ఆ లెక్క కుదరదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారమే మూసేస్తారు. పైగా జుమ్మా నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ అడుగు తీసి అడుగు వేయలేం. కాబట్టి సెలవు సోమవారం పెట్టండి.

ఏ నెలలో?

నవంబర్ నడుమ నుంచి జనవరి ఆఖరు దాకా. పాతబస్తీని కారులో కూర్చుని చూడలేం, నడిచి తిరగాల్సిందే. 1591 నాటి చార్మినార్, దాని పక్కనే లాడ్‌బజార్, మక్కా మసీదు, కాస్త నడిస్తే చౌమహల్లా. ఎంజీబీఎస్ దాకా మెట్రోలో వచ్చి, మూసీ దాటడానికి ఆటో ఎక్కితే చాలు. సంక్రాంతి వారం మాత్రం వద్దు, రైళ్లలో, బస్సుల్లో చోటు దొరకదు.

లాడ్‌బజార్‌లో గాజులు చేసేచోట పది నిమిషాలు నిలబడండి. బొగ్గుల సెగకు లక్క మెత్తబడుతుంది. దాన్ని గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మే నెలలో మనం నీడ వెతుక్కునే వేళ, ఆ పనివాళ్లు నిప్పుల పక్కనే కూర్చుంటారు. ఆ సంగతి గుర్తుంటే బేరం గట్టిగా ఆడబుద్ధి కాదు.

వేసవి సెలవులే దిక్కయితే?

బడిపిల్లలున్న ఇంట్లో చాలాసార్లు ఇదే పరిస్థితి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయాన్నే చార్మినార్ చూసేయండి. పన్నెండుకు ముందే సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం ముందు చేరండి. బుల్లి గడ్డం మనిషి బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టడం పిల్లలు మరిచిపోరు. ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి, సాయంత్రం బజారుకు వెళ్లండి.

వానల సంగతి

జూన్ రెండో వారం నుంచి వానలు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మరీ జాగ్రత్త. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. 2020 అక్టోబర్ వానకూ పాతబస్తీ బస్తీలు మునిగాయి. దసరా సెలవులకు వచ్చేవాళ్లు వాతావరణ సూచన చూశాకే బయల్దేరాలి. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలకు వస్తే అమ్మవారి దర్శనానికే రండి. ఆ రోజు షాపింగ్ పెట్టుకోవద్దు.

రంజాన్ చలికాలంలోకి వస్తోంది

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారం ప్రాంతంలో, 2028లో జనవరి ఆఖర్లో మొదలవుతుంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో మరోసారి వస్తుంది. చలి రాత్రి, వేడి హలీం, అర్ధరాత్రి దాటినా వెలిగే బజారు: ఈ మూడూ కలిసే కాలం మళ్లీ రావాలంటే ముప్పై ఏళ్లకు పైగా ఆగాలి. పగలు తిండి దొరకడం కష్టం, ఇఫ్తార్ దాటాక రండి. మర్నాడు సగం పూట సెలవు ముందే అడిగిపెట్టుకోండి.

ఇన్ని లెక్కలు చూసే తీరిక లేనివాళ్లకు ఒక్కటే మాట. డిసెంబర్‌లో ఒక సోమవారం ఎంచుకుని, సెలవు చీటీ ఈ వారమే రాసివ్వండి.