గణకయంత్రంలో కదనరంగం

చతురంగ బలాలను బల్లపై నిలిపి యుద్ధతంత్రాన్ని క్రీడగా మలచుకొన్న దేశం మనది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ పటాలతో, పాచికలతో సేనానులకు శిక్షణనిచ్చే యుద్ధక్రీడను ప్రచురించాడు. నేడు ఆ బల్ల స్థానాన్ని కంప్యూటర్ ఆక్రమించింది. పోరును పోలిన నమూనాను యంత్రంలో నడిపి చూడడాన్నే ‘యుద్ధ అనుకరణ’ అంటారు.

ఈ పనికి ఒక్క కంప్యూటర్ ఎందుకు చాలదు? రణరంగంలో ప్రతి వాహనమూ తక్కిన వాహనాలను గమనిస్తూ ఉండాలి. నూరు వాహనాలుంటే 4,950 జంటలను పరిశీలించాలి. లక్ష వాహనాలుంటే ఆ జంటలు దాదాపు 500 కోట్లు! వాహనాలు వెయ్యి రెట్లయితే, పని పది లక్షల రెట్లవుతుందన్నమాట. అందుచేత పనిని అనేక ప్రాసెసర్లకు పంచి, ఏకకాలంలో చేయిస్తారు. ఇదే సమాంతర గణన.

అయితే పంచినంతమాత్రాన సమస్య తీరదు. ప్రతి ప్రాసెసర్ తన వార్తలను అన్నింటికీ పంపితే, ఆ వెల్లువలో యంత్రాలు మునిగిపోతాయి. అమెరికాలో ‘ఎస్.ఎఫ్. ఎక్స్‌ప్రెస్’ పథకాన్ని చేపట్టిన శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయం పన్నారు. కొండకు ఆవలనున్న ట్యాంకుతో ఈవలి ట్యాంకుకు అప్పటికి పనిలేదు కదా! కనుక ఎవరికి ఏ ప్రాంతపు సమాచారం కావాలో తెలుసుకొని, ఆ మేరకే చేరవేసే బాధ్యతను కొన్ని ప్రాసెసర్లకు అప్పగించారు. 1998 మార్చి 16న తొమ్మిది చోట్లనున్న 13 కంప్యూటర్లలోని 1,386 ప్రాసెసర్లను జోడించి, 1,00,298 వాహనాల సమరాన్ని నడిపించారు.

మరొక చిక్కు కాలానికి సంబంధించినది. ఒక ప్రాసెసర్ వేగంగా, వేరొకటి మెల్లగా సాగితే, అంతకుముందే ధ్వంసమైన ట్యాంకు ఫిరంగి పేల్చినట్లు లెక్క రావచ్చు. దీనికి పరిష్కారంగా 1985లో డేవిడ్ జెఫర్సన్ ‘టైమ్ వార్ప్’ పద్ధతిని వివరించాడు. ఆలస్యంగా వార్త అందినప్పుడు ప్రాసెసర్ వెనుకకు మరలి, తప్పిన లెక్కను రద్దుచేసి, మళ్ళీ గణిస్తుంది.

యంత్రం ఇలా తన గతాన్ని దిద్దుకోగలదు. నిజమైన యుద్ధంలో నేలకొరిగిన సైనికుణ్ణి మాత్రం ఏ గణనా తిరిగి లేపలేదు. పైగా నమూనాలో మనముంచిన ఊహలు తప్పయితే, వేల ప్రాసెసర్లున్నా తప్పుడు ఫలితమే త్వరగా వస్తుంది. భయం, అలసట, సాహసం అంకెలకు సులభంగా లొంగవు. కనుక అనుకరణ ఆలోచనకు సాధనమే. నిర్ణయభారం మానవుడిదే.

ప్రశ్నలు
1. వాహనాల సంఖ్య పెరిగినకొద్దీ గణనభారం ఎట్లు పెరుగునో వివరింపుము.
2. వార్తల వెల్లువను శాస్త్రజ్ఞులు ఎట్లు అరికట్టిరి?
3. “నిర్ణయభారం మానవుడిదే” – సమర్థింపుము.