వేగానికి కళ్ళెం వేసేదెలా?

గంటకు 60 కి.మీ. వేగంతో పోయే బండి 80 కి.మీ. వేగం అందుకుందనుకోండి. బ్రేకు వేశాక అది ఆగడానికి పట్టే దూరం దాదాపు 1.8 రెట్లవుతుంది. ఎందుకంటే ఆ దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రోడ్డు దాటే పిల్లవాడి ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి నెమ్మదిస్తుంది. దాటగానే మళ్ళీ పరుగే! ఒకేచోట ఉన్న కెమెరా సంగతీ అంతే. మరి దారి పొడవునా వేగం తగ్గాలంటే?

10 కి.మీ. ఎడంగా రెండు కెమెరాలు పెట్టి, ప్రతి బండి నంబరునూ, అది దాటిన సమయాన్నీ నమోదు చేయాలి. వేగం హద్దు 60 కి.మీ. అయితే ప్రయాణానికి కనీసం 10 నిమిషాలు పట్టాలి. 7½ నిమిషాలకే వస్తే సగటు వేగం 80 అన్నమాట!

స్కాట్లండులో ప్రమాదాలకు పేరుపడ్డ ఎ-9 రోడ్డు మీద 2014లో ఇలాంటి కెమెరాలు పెట్టారు. తర్వాత అక్కడ అతివేగం బాగా తగ్గింది.

అయితే ఏ రోడ్డు మీదైనా ఒక్క ఏడాది ప్రమాదాలు తగ్గగానే ఉపాయం ఫలించిందనుకోరాదు. అది కాకతాళీయం కావచ్చు. ముందూ వెనకా కొన్నేళ్ళ లెక్కలు చూడాలి. కెమెరాలు లేని అలాంటి రోడ్డుతో పోల్చాలి.

ఆలోచించండి: 90 కి.మీ. వేగంతో పోయి, మధ్యలో టీ తాగడానికి ఆగిన డ్రైవరు ఈ కెమెరాలకు చిక్కుతాడా?