నల్లా అతుకు కారుతున్నదా?

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలోని పట్టణం. పసుపు పంటకు పేరు పడ్డ ప్రాంతం. చలికాలం పోయే రోజుల్లో ఇక్కడ అందరికీ పసుపు పనే. కొమ్ములు తవ్వాలి, ఉడకబెట్టాలి, కళ్ళంలో ఎండబెట్టాలి. ఇంట్లో నల్లా సంగతి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

ఒక ఇంట్లో, పసుపు కూలికి పోయి వచ్చిన కోడలు నల్లా దగ్గర ఆగింది.

"అత్తా, పైపు అతుకు కాడ నీళ్ళు కారుతున్నయి."

"బొట్టు బొట్టే గదనే. బట్ట పేలిక చుట్టు."

అత్త మాటలో కొంత నిజం ఉంది. సెకనుకు ఒక బొట్టు చొప్పున రాత్రీ పగలూ కారినా పోయేవి కొన్ని లీటర్లే. నల్లా కొన్ని గంటలే వస్తే అంత కూడా పోవు. అసలు భయం లోపలికి వచ్చే నీళ్ళతో.

నల్లా బందు అయ్యాక పైపులోని నీళ్ళు పల్లానికి జారుతాయి. అప్పుడు ఖాళీ పైపు బయటి నుంచి పీలుస్తుంది, కొబ్బరి బోండాంలో పుల్ల పెట్టి పీల్చినట్టు. అతుకు పక్కన మోరి ఉంటే మోరి నీళ్ళు సందులోంచి లోపలికి పోతాయి. నల్లాకు మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా పీలుస్తుంది. మళ్ళీ నల్లా వచ్చినప్పుడు ఆ మురికి బిందెలో పడుతుంది. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడు ఇలా కూడా వస్తాయి. బట్ట పేలిక దీన్ని ఆపలేదు.

ఆ ఇంటిది ప్లాస్టిక్ పైపు. దాని అతుకును కంప్రెషన్ జాయింటు అంటారు. అంటే నొక్కి పట్టే అతుకు. చేనులో డ్రిప్ పైపులు కలిపిన వాళ్ళు ఇలాంటిది చూసే ఉంటారు. నట్టు బిగిస్తే లోపలి ప్లాస్టిక్ రింగు పైపును కరిచి పట్టుకుంటుంది. నీళ్ళను ఆపేది మాత్రం రబ్బరు రింగు.

చాలామంది ఈ నట్టు మరలకు తెల్ల టేపు చుడతారు. అది దండుగ. నీళ్ళు ఆగేది మరల దగ్గర కాదు కదా! ఇనుప నల్లా బిగించే మరలకైతే టేపు కావాలి. ఈ తేడా తెలియక ఎంత టేపు పాడు చేస్తారో!

కోడలు ముందు నట్టును చేతితో కొంచెం బిగించింది. ఒక్కోసారి దానితోనే ఆగుతుంది. ఇక్కడ ఆగలేదు. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. అందుకని నల్లా బందు అయ్యేదాకా ఆగి, నట్టు విప్పింది. ఏ రింగు తర్వాత ఏది ఉందో, ఏ వైపు తిరిగి ఉందో చూసి, అదే వరుసలో గుడ్డ మీద పెట్టింది.

తప్పు అక్కడే దొరికింది. పైపు కొన వంకరగా కోసి ఉంది. రబ్బరు మీద ఇసుక ఉంది. ఆమె పైపును హెక్సా బ్లేడుతో తిన్నగా కోసి, అంచు గీకి నున్నగా చేసింది. రబ్బరును కడిగింది. పగుళ్ళు ఉంటే కొత్తది కొనాలి, దానికి పెద్ద ఖర్చు లేదు. రబ్బరుకు సబ్బు నీళ్ళు రాసింది. గ్రీజు రాయకూడదు, తాగే నీళ్ళలో కలుస్తుంది. రింగులు వరుసగా పెట్టి, పైపును లోపల తగిలేదాకా నెట్టి, నట్టు బిగించింది. పైపు సగమే పోతే ఎంత బిగించినా కారుతుంది.

కారేది వీధి పైపు అయితే దాన్ని విప్పకూడదు. మున్సిపాలిటీ ఆఫీసులో చెప్పాలి.

మరునాడు నల్లా వచ్చింది. కోడలు అతుకును తుడిచి, చుట్టూ పొడి కాగితం పెట్టింది. అత్త కూడా వంగి చూసింది. కాగితం తడవలేదు.

"మొదటి బిందె తాగెటందుకు వద్దు, అత్తా."

"తెలుసు తియ్యి. చెట్లకు పోస్త" అంటూ అత్త బిందె ఎత్తుకుంది.