బ్లాగునకు బాడుగ యిల్లు

మా పూర్వ విద్యార్థి యొకడు కడపలో చదువుచున్నాడు. తన గ్రామపు వృద్ధులు చెప్పిన కథలను ప్రకటించుటకై యతడు స్వయముగా నొక బ్లాగు అప్లికేషనును నిర్మించుకొనెను. అది వాని ల్యాప్‌టాప్‌లో చక్కగా నడచుచున్నది గాని, లోకమునకు కనబడదు. "సార్, నెలకు నూరు రూపాయలకు మించి పెట్టలేను. ఏ హోస్టింగు కొనమంటారు?" అని మమ్మడిగినాడు. ఈ ప్రశ్న మరికొందరు విద్యార్థులకును కలుగవచ్చును గనుక మేమెరిగినంత యిచ్చట వ్రాయుచున్నాము.

రేయింబవళ్లు మేలుకొనియుండి, అడిగినవారికెల్ల పుటలను పంపు కంప్యూటరునకు సర్వరని పేరు. దానిలో చోటిచ్చి బాడుగ పుచ్చుకొనుటయే హోస్టింగు. షేర్డ్ హోస్టింగు సత్రము వంటిది. బాడుగ తక్కువ, కాని పొయ్యి, నుయ్యి అందరికి నొక్కటే. వి.పి.ఎస్. అనునది వేరుగా నిచ్చిన గది. అందు మన యిష్టము వచ్చినట్లు ఉండవచ్చును గాని, తలుపు గడియ వేసికొను భారము మనదే. డొమైను పేరు ఇంటి చిరునామా. దీనిని ఇంటి యజమాని చేత గాక, మన పేరనే వేరుగా రిజిస్టరు చేయించుకొన్నచో, ఇల్లు మారినను చిరునామా మారదు.

చోటును గూర్చి ప్రకటనలు చేయు ఆర్భాటమును నమ్మవలదు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. "క్ష" చూపునకొక్క యక్షరమే యైనను, క, పొల్లు, ష అను మూడు సంకేతములగుటచే 9 బైట్లగును. ఒక కథలో 4,000 సంకేతములున్నవనుకొన్న, అది 12,000 బైట్లు. వేయి కథలు 12 మెగాబైట్లు. సెల్‌ఫోనుతో తీసిన నాలుగైదు ఫొటోలకే అంత చోటు కావలెను!

ధరను మాత్రము జాగ్రత్తగా చదువవలెను. నెలకు 100 రూపాయలని పెద్ద యక్షరములతో నుండును. నాలుగేండ్ల సొమ్ము ముందే చెల్లించినవారికే యని చిన్న యక్షరములతో నుండును. అప్పుడు 4,800 రూపాయలు, దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 864, వెరసి 5,664 రూపాయలు ఒక్కసారి యీయవలెను. గడువు తీరిన పిమ్మట బాడుగ నెలకు 300 అయినచో, ఏటికి పన్నుతో 4,248 రూపాయలగును. ఇక హెచ్.టి.టి.పి.ఎస్. సర్టిఫికెటునకు వేరుగా సొమ్మడిగిన ఈయనక్కరలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుండి దానిని ఉచితముగా నిచ్చుచున్నది.

ఉచితపు ఇండ్లును గలవు. కాని 1994లో మొదలై లక్షలాది జనుల పుటలకు చోటిచ్చిన జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009లో అమెరికాలో మూసివేసెను. హెరోకు తన ఉచిత సదుపాయమును 2022 నవంబరు 28న నిలిపివేసెను.

బాడుగ యిచ్చినను నష్టము తప్పునని చెప్పజాలము. కొన్నేండ్ల క్రిందట మేమును మా విద్యార్థులును కర్నూలు చుట్టుపట్ల గ్రామములలో తిరిగి, కపిల, మోకు, గుంటక, గొర్రు మొదలగు సేద్యపు మాటలను సేకరించి, ఒక చవుక హోస్టింగులో నుంచితిమి. వారు మా డేటాబేసును మరియొక యంత్రమునకు మార్చునప్పుడు తెలుగునకు తగని సంకేత పద్ధతిలో దింపిరి. మరునాడు చూడగా ప్రతి యక్షరమునకు బదులు ప్రశ్నార్థకములే! అట్లు మారినదానిని మరల తెలుగు చేయుట యసాధ్యము. మా యొద్ద వేరు ప్రతి లేదు. ఆ తప్పు మాదే. పిల్లల నోటుపుస్తకములలో కొన్ని దొరకినవి. కపిల తోలుటను గూర్చి చెప్పిన తాత అప్పటికే గతించెను.

సి. పి. బ్రౌను దొరగారు కడపలో తమ బంగళాయందు పండితులకు స్వంత సొమ్ముతో జీతములిచ్చి, ఒక్క గ్రంథమునకే పలు ప్రతులు సంపాదించి, పోల్చి, నకళ్లు వ్రాయించిరి. ఆ యూరికి సమీపముననే యుండి మేమీ పాఠము ముందుగా నేర్వకపోవుట సిగ్గుచేటు.

ఇక మన విద్యార్థి సంగతి. వాని అప్లికేషను పైథాన్‌తో చేసినది. చవుక షేర్డ్ హోస్టింగులు హెచ్చుగా పి.హెచ్.పి., మై ఎస్.క్యు.ఎల్. కొరకు అమర్చినవి, ఎడతెగక నడువవలసిన పైథాన్ ప్రోగ్రామునకు అనేక చోట్ల తావుండదు. వి.పి.ఎస్. తీసికొన్నచో దాని కాపలాతోనే వాని పరీక్షలు గడచును. "కథలు వ్రాయువాడవు నీవొక్కడవే గదా, వ్రాసిన కథ మరల మారదు గదా, డేటాబేసెందుకు?" అని యడిగితిమి. పుటలను తన ల్యాప్‌టాప్‌లోనే తయారుచేసి, సాదా ఫైళ్లుగా గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితముగా నుంచవచ్చును. అచ్చట ఒక సైటునకు 1 గిగాబైటు హద్దు; మన వేయి కథలకది చాలును. ఆ యిల్లును రేపు మూసినను, ఫైళ్లన్నియు మన చేతనే యుండును గనుక, మరియొక చోట నొక పూటలో దింపుకొనవచ్చును. ఏటేట డొమైను రుసుము మాత్రమే ఖర్చు.

అతడు వెంటనే యొప్పుకొనలేదు. పాఠకుల వ్యాఖ్యల కొరకు, లాగిన్ కొరకు రెండు నెలలు శ్రమించినాడు. ఆ భాగమంతయు తీసివేయవలసి వచ్చెను. వారము దినములు మాతో మాటలాడలేదు కూడ. పిదప ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లోను, ఒక ప్రతి ఇంటనున్న పెన్‌డ్రైవులోను ఉంచి, మొదటి కథ ప్రకటించినాడు. అది వాని తాతగారి కపిల బావి కథ. బాన నుండి నీరు జారు తోలుగొట్టమును "తొండము" అందురని అందు వ్రాసినాడు. మేము పోగొట్టుకొన్న మాటలలో నది యొకటి.