పోపుల డబ్బాలో సాహసం

ఒకటో తారీఖున నాన్న జీతం చేతికిస్తే అమ్మ దాన్ని మంచమ్మీద పరిచి పంచేది. అద్దె, పాలు, చీటీ, మా ఫీజులు. ఆ పంపకానికి ముందే ఒక నోటు మడతపెట్టి పోపుల డబ్బాలో ఆవాల కింద దాచేసేది. నెలాఖరున ఎంత ఇబ్బంది వచ్చినా ఆ నోటు జోలికి వెళ్లేది కాదు. వీపున బ్యాగు తగిలించుకుని దేశాలు తిరగాలనుకునే కుర్రకారు నేర్చుకోవాల్సిన బడ్జెట్ పాఠం ఆ డబ్బాలోనే ఉంది.

న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్‌నే తీసుకోండి. ఊరికి కాస్త దూరంలో కవారౌ నది మీద ఒక పాత వంతెన ఉంది. 1988లో ఏజే హ్యాకెట్, హెన్రీ వాన్ ఆష్ అక్కడ టికెట్టు పెట్టి, తాడు కట్టుకుని దూకే బంగీ జంప్ మొదలుపెట్టారు. ఎత్తు 43 మీటర్లు. దూకేముందు తూకం వేసి, ఆ అంకెను చేతిమీద రాస్తారు. ఏ తాడు కట్టాలో తేల్చేది ఆ అంకే. టికెట్టు ధర 200 న్యూజిలాండ్ డాలర్ల పైనే. డాలరుకు 50 రూపాయల చొప్పున లెక్కేసుకున్నా పదివేలు దాటిపోతుంది. కిందికి పడేది మాత్రం కొన్ని క్షణాలే!

ఇంత ఖర్చును మనలో చాలామంది ‘మిగిలితే చూద్దాంలే’ అన్న పద్దులో వేస్తారు. విమానం, హాస్టల్, తిండి అన్నీ రాసుకుంటారు. తీరా అక్కడికెళ్లాక కాఫీలూ ట్యాక్సీలూ కలిసి పర్సు ఖాళీ చేస్తాయి. వంతెన దాకా వెళ్లి, పక్కవాళ్లు దూకుతుంటే చూసి వచ్చేస్తారు. ఇంకొందరిది దీనికి ఎదురు దారి. హాస్టల్ గదిలో నలుగురూ బయల్దేరారని తామూ కార్డు గీకేస్తారు. చాలా కార్డులు విదేశీ చెల్లింపుల మీద అదనపు రుసుము వేస్తాయని బిల్లు వచ్చాకే తెలుస్తుంది. అప్పుచేసి పప్పుకూడంటే ఇదే.

అందుకే ముందు ఒక్క సాహసాన్ని ఎంచుకోండి. ఎంచుకునేముందు మిమ్మల్ని మీరే అడగండి: ఫొటో తీయనివ్వరు, ఎవరికీ చెప్పకూడదు అంటే కూడా ఇది చేస్తానా? ‘చేస్తాను’ అన్న జవాబు వస్తే ఆ డబ్బు విమానం టికెట్ల కంటే ముందే విడిగా తీసిపెట్టండి. నెలకు రెండు వేలు దాస్తే పది నెలల్లో ఇరవై వేలు.

తర్వాత అసలు ఖర్చు కట్టండి. ఊరి నుంచి అక్కడికి బస్సు, ఫొటోలకు వేరే రుసుము, రద్దు చేసుకుంటే ఎంత పోతుంది, ఇవన్నీ అందులోకే వస్తాయి. స్కైడైవింగ్ లాంటివి మబ్బు పట్టినా, గాలి పెరిగినా ఆగిపోతాయి. కాబట్టి అదనంగా ఒక రోజు హాస్టల్ అద్దె కూడా సాహసం ఖర్చే.

బీమా దగ్గర పీనాసితనం వద్దు. అది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే పర్యాటకులకు కూడా ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చికిత్స ఖర్చులో సాయపడుతుంది. జబ్బు చేస్తే అది వర్తించదు, ఇంటికి చేర్చే ఖర్చూ పెట్టుకోదు. మామూలు ప్రయాణ బీమాల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉండొచ్చు. మీరు చేయబోయేదాని పేరు పాలసీలో ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

మిగతా రోజులకు టికెట్టు లేని సాహసాలున్నాయి. అదే ఊరి పక్కన 1,748 మీటర్ల బెన్ లోమండ్ శిఖరం ఉంది. పొద్దున్నే లేచి, వాతావరణం చూసుకుని, నీళ్లూ రొట్టే సంచిలో వేసుకుంటే చాలు. పైకి ఎక్కేకొద్దీ వకాటిపు సరస్సు కింద పరుచుకుంటుంది. కాళ్ల నొప్పులు తప్ప ఖర్చేమీ లేదు.

మధ్యలో స్నేహితులు ఇంకోదానికి రమ్మంటారు. ‘నేను డబ్బు దాచుకున్నది వేరేదానికిరా, మీరు వెళ్లిరండి’ అని నవ్వుతూ అనగలగాలి. దూకడం కన్నా ఇదే కష్టం కొందరికి.

వంతెన మీద తూకం దగ్గర ఎవరూ గొప్పలకు పోరు. బరువు తప్పు రాస్తే తాడు తప్పుతుంది కదా. ఆ నిజాయితీ ఇంటి దగ్గర, కాగితం మీద మన జేబు బరువు రాసుకునేటప్పుడే మొదలవ్వాలి.